బేరింగ్ ఆగలేదు సరే, మీ ఇంజిన్ సంగతేంటి? ఆయిల్ అడిటివ్ డెమోల అసలు కథ

(ఈ ఎపిసోడ్‌లో మాట్లాడినదాని పూర్తి పాఠం)

ఈ రోజు ఎపిసోడ్ ఒక వాయిస్ మెసేజ్‌తో మొదలుపెడదాం. విజయవాడ నుంచి ఒక తమ్ముడు పంపాడు. పేరు చెప్పొద్దన్నాడు కాబట్టి చెప్పను. ఫుడ్ డెలివరీ చేస్తాడు. బండి 125 సీసీ, మీటరు 70 వేలు దాటింది. ఆ బండి ఒక్క రోజు ఆగితే ఆ రోజు సంపాదన లేనట్టే. ఆయన మాటల్లోనే చెప్తా వినండి.

"అన్నా, మా మామయ్య మొన్న ఇంటికి ఒక మెషిన్ తెచ్చి చూపించాడు. మోటారుకి ఒక బేరింగ్ రింగు తిరుగుతా ఉంటది. దానికి ఇంకో బేరింగ్ ఆనించి, లివర్ మీద వెయిట్లు వేస్తాడు. మామూలు ఇంజిన్ ఆయిల్‌లో అయితే రెండు వెయిట్లకే కీచుమని అరిచి మోటారు ఆగిపోయింది. అదే ఆయిల్‌లో ఈ బాటిల్‌లోది కొంచెం కలిపితే, అన్ని వెయిట్లూ వేసి పైన చేత్తో నొక్కినా ఆగలేదు. నా కళ్లతో చూశా అన్నా. ఒక బాటిల్ 700 పెట్టి కొన్నా. ఇంకా సీల్ తియ్యలేదు. మామయ్యేమో ఆ మెషిన్, పది బాటిళ్లు తీసుకుని నువ్వు కూడా అమ్ముకో అంటున్నాడు. పొయ్యమంటావా, వద్దంటావా? అమ్మమంటావా, వద్దంటావా?"

చూశారా, అడిగింది రెండు ప్రశ్నలు. ఒకటి బండి గురించి, ఇంకోటి డబ్బు గురించి. రెండింటికీ వేరు ఒక్కటే: కళ్లతో చూసిన ఆ డెమో దేన్ని రుజువు చేసింది? ఈ రోజు మన టాపిక్ అదే.

ముందుగా ఒక మాట. ఆ మామయ్య మోసం చేస్తున్నాడని నేను అనట్లేదు. ఆయన కూడా ఎవరో చూపించిన డెమో చూసి నమ్మి ఉంటారు. ఆ మెషిన్‌లో గారడీ కూడా ఏమీ ఉండక్కర్లేదు. బేరింగ్ నిజంగానే ఆగకపోవచ్చు. సమస్య మెషిన్‌లో లేదు. మెషిన్ చెప్పిన జవాబును, మనం అడగని ప్రశ్నకు అంటించడంలో ఉంది.

ఈ మెషిన్ ఎక్కడిది?

ఇది కొత్త కనిపెట్టుడు కాదు. బేరింగులు చేసే టిమ్‌కెన్ కంపెనీ పేరు మీద దశాబ్దాలుగా ఉన్న పరీక్ష ఇది. దీనికి ఏఎస్‌టీఎం డి2782 అని ఒక ప్రామాణిక పద్ధతి కూడా ఉంది. తిరిగే ఉక్కు రింగు ఒకటి, కదలకుండా బిగించిన ఉక్కు దిమ్మ ఒకటి. రింగు నిమిషానికి 800 చుట్లు తిరగాలి. ఆయిల్ సుమారు 38 డిగ్రీల దగ్గర మొదలవ్వాలి. ఒక్కో బరువు దగ్గర 10 నిమిషాలు నడపాలి. ప్రతిసారీ శుభ్రమైన, వాడని ఉపరితలాలే వాడాలి. లోహం గీసుకుపోకుండా ఎంత బరువు వరకు తట్టుకుందో చూస్తారు.

ఇంత పద్ధతిగా చేసే ఆ పరీక్ష దేనికోసమో తెలుసా? లోహం మీద లోహం విపరీతమైన ఒత్తిడితో రాసుకునే చోట ఆయిల్ ఎంత తట్టుకుంటుందో తెలుసుకోవడానికి. ఇంగ్లిష్‌లో ఎక్స్‌ట్రీమ్ ప్రెషర్, పొట్టిగా ఈపీ అంటారు. గేర్ ఆయిళ్లు, గ్రీజుల లోకంలో ఈ మాట ఎక్కువగా వినిపిస్తుంది. లారీ వెనక డిఫరెన్షియల్‌లో పళ్లు ఒకదాని మీద ఒకటి జారుతూ ఒరుసుకుంటాయి. అక్కడ వేసే ఆయిల్‌కి ఈ గుణం కావాలి. ఆ ఆయిల్ డబ్బా ఎప్పుడైనా వాసన చూశారా? గంధకం కంపు కొడుతుంది. ఆ కంపే దాని బలం.

మరి మనం ఇంట్లో చూసిన డెమోలో ఏం చేస్తారు? ఇంజిన్ ఆయిల్‌ని ఆ పరీక్షలో కూర్చోబెడతారు. అది ఫెయిల్ అవుతుంది. అవ్వాల్సిందే కదా! ఇంజిన్ ఆయిల్‌ని తయారుచేసింది ఆ పరీక్ష కోసం కాదు. ఈత కోసం తర్ఫీదైనవాణ్ని తాడిచెట్టు ఎక్కమని, ఎక్కలేకపోతే వీడికి బలం లేదు అన్నట్టు.

ఇంజిన్‌లో లోపల జరిగేది వేరు

ఇప్పుడు అసలు పాయింట్‌కి వద్దాం. కొంచెం ఓపిగ్గా వినండి, ఇది అర్థమైతే ఇలాంటి డెమో ఏది చూసినా మీరే విప్పేస్తారు.

వర్షంలో హైవే మీద స్పీడ్‌గా వెళ్తుంటే టైరు రోడ్డుని వదిలేసి నీళ్ల మీద తేలిపోవడం తెలుసు కదా? బ్రేకు పట్టదు, హ్యాండిల్ తేలికైపోతుంది. రోడ్డు మీద అది ప్రమాదం. ఇంజిన్ లోపల మాత్రం సరిగ్గా అదే మనకు కావాల్సింది. కారు ఇంజిన్‌లో క్రాంక్ షాఫ్ట్ బేరింగ్ షెల్స్‌లో తిరుగుతున్నప్పుడు, ఆ తిరుగుడుకే ఆయిల్ సందులోకి లాక్కుపోయి ఒక పొరగా మారి షాఫ్ట్‌ని పైకి తేల్చేస్తుంది. ఆ పొర మందం కొన్ని మైక్రాన్లే. మన తల వెంట్రుక మందంలో చిన్న భాగం. కానీ ఆ పొర ఉన్నంతసేపు లోహం లోహాన్ని తాకదు. తాకనప్పుడు, తాకితే ఏమవుతుందో కొలిచే పరీక్ష మార్కులు అక్కడ ఎంతవరకు పనికొస్తాయి?

ఇక్కడ బైక్ వాళ్లు వెంటనే అడుగుతారు: "అన్నా, మా సింగిల్ సిలిండర్ బండ్లలో క్రాంక్‌కి బాల్ బేరింగులే ఉంటాయిగా? డెమోలో ఉన్నది కూడా బేరింగే కదా?" మంచి ప్రశ్న. చాలా చిన్న బండ్లలో క్రాంక్ బాల్ బేరింగుల మీదే తిరుగుతుంది, కనెక్టింగ్ రాడ్ కింద రోలర్లు ఉంటాయి. అయితే ఒక తేడా గమనించండి. బేరింగ్‌లో రోలర్ దొర్లుతుంది. రోలర్ అని పేరు పెట్టిందే దొర్లుతుందని. డెమోలో ఆ రోలర్‌ని కదలకుండా బిగించేసి, తిరిగే రింగుకి అడ్డంగా ఆనిస్తారు. అంటే దొర్లాల్సినదాన్ని ఈడుస్తున్నారు. సైకిల్ చక్రాన్ని తాడుతో కట్టేసి రోడ్డు మీద ఈడ్చి, టైరు అరిగిపోయింది చూడండి అంటే ఒప్పుకుంటారా? బేరింగ్ అనే వస్తువు ఒకటే, చేయించే పని వేరు.

మరి ఇంజిన్‌లో లోహం లోహాన్ని తాకే చోటే లేదా? ఉంది. దాచాల్సిన పనేం లేదు. క్యామ్ షాఫ్ట్ ముక్కు రాకర్‌ని నెట్టే చోట, పిస్టన్ పైకి వెళ్లి ఒక్క క్షణం ఆగి తిరిగొచ్చే చోట రింగులకీ సిలిండర్ గోడకీ మధ్య, ఇంకా బండి స్టార్ట్ చేసిన మొదటి క్షణాల్లో ఆయిల్ పొర పల్చబడుతుంది. అక్కడ రసాయనం కావాలి. ఆ రసాయనం మీరు కొనే ఆయిల్ డబ్బాలో ముందే ఉంది. జెడ్‌డీడీపీ అంటారు, జింక్, ఫాస్ఫరస్, గంధకం కలిసిన పదార్థం. 1940ల నుంచి ఇంజిన్ ఆయిల్‌లో వాడుతున్నారు. రాపిడి వేడికి అది లోహం మీద ఒక పల్చటి రక్షణ పొర కడుతుంది, అరిగితే మళ్లీ కడుతుంది.

దీంతో పాటు మసిని పట్టి ఉంచేవి, మురికిని కడిగేవి, నురగ రాకుండా చూసేవి, తుప్పు పట్టనివ్వనివి, అన్నీ ఒక లెక్క ప్రకారం కలిపి ఉంటాయి. అంటే "అడిటివ్ వేస్తే మంచిదా?" అన్న ప్రశ్నకి మొదటి జవాబు: వేసే ఉంది. మీరు అడగాల్సిన ప్రశ్న "ఇంకా వెయ్యాలా?" అని.

మా అమ్మ పులుసు పెడితే ఉప్పు సరిగ్గా సరిపోతుంది. రుచికి కారణం ఉప్పే కదా అని ఇంకో గుప్పెడు వేస్తే పులుసు ఇంకా బాగుంటుందా? నోట్లో పెట్టుకోలేం. ఇది ఊరికే పోలిక కాదు. బైక్ ఆయిల్స్‌కి జపాన్ వాళ్ల జాసో ప్రమాణం ఉంది. అందులో ఫాస్ఫరస్ 0.08 నుంచి 0.12 శాతం మధ్యలో ఉండాలి. తక్కువైతే అరుగుదల, ఎక్కువైతే సైలెన్సర్‌లో ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్‌కి దెబ్బ. రెండు వైపులా గీత గీసి పెట్టారు. మీరు బయటి నుంచి ఇంకో బాటిల్ పోస్తే ఆ గీత లోపలే ఉన్నారో లేదో చెప్పేదెవరు?

మరి ఆ బాటిల్‌లో ఏముంటే బేరింగ్ ఆగదు?

ప్రతి బాటిల్‌లో ఏముందో నేను చెప్పలేను. చాలా బాటిళ్ల మీద అసలు రాయరు కూడా. కానీ ఆ మెషిన్ మీద గెలిపించే పదార్థాలు ఏవో రసాయనం తెలిసినవాళ్లకి బాగా తెలుసు. క్లోరిన్ ఉన్న పారాఫిన్లు, గంధకం, ఫాస్ఫరస్. రింగు, రోలర్ రాసుకున్న చోట ఎర్రగా కాలే వేడి పుడుతుంది. ఆ వేడికి క్లోరిన్ ఇనుముతో కలిసి సబ్బులాంటి జారుడు పొర కడుతుంది. అందుకే ఆగదు.

లేత్ షాపుల్లో, ఉక్కుని కోసేటప్పుడు పోసే కటింగ్ ఆయిల్స్‌లో ఈ క్లోరిన్ పారాఫిన్లు చాలాకాలంగా వాడుతున్నారు. అక్కడ అది పనిమంతురాలే. ఇంజిన్‌లో మాత్రం కథ వేరు. పెట్రోల్ కాలితే నీటి ఆవిరి పుడుతుంది, అందులో కొంత ఆయిల్‌లోకి దిగుతుంది. క్లోరిన్, నీరు, వేడి మూడూ కలిస్తే హైడ్రోక్లోరిక్ ఆమ్లం తయారయ్యే దారి తెరుచుకుంటుంది. ఆమ్లం రాగి కలిసిన బేరింగుల్ని మెల్లగా తినేస్తుంది. ఇంట్లో రెండు నిమిషాల డెమోలో ఇది కనిపించదు. ఎందుకంటే తుప్పుకి రెండు నిమిషాలు చాలవు, నెలలు కావాలి.

ఇంకో సరదా విషయం. ఇదే రకం మెషిన్ మీద షాంపూ, బట్టల బ్లీచ్ లాంటివి పోసి, ఇంజిన్ ఆయిల్ కంటే ఎక్కువ బరువు మోయించి చూపించినవాళ్లు ఉన్నారు. మరి డెమోనే రుజువు అయితే, మనం అందరం ఇంజిన్‌లో షాంపూ పోసుకోవాలి కదా? (నవ్వు) ఎవరూ పొయ్యరు. ఎందుకు? ఇంజిన్‌కి కావాల్సిన మిగతా పనులు షాంపూ చెయ్యదని మనకు తెలుసు కాబట్టి. అదే తెలివి రంగు బాటిల్ ముందు మాత్రం ఎందుకు వాడం?

డెమో తెలియకుండానే ఒక వైపు ఒరిగిపోతుంది

ఇప్పుడు చూపించే పద్ధతిలో ఉన్న లొసుగులు చూద్దాం. చేసేవాళ్లకి చెడ్డ ఉద్దేశం లేకపోయినా ఇవి జరుగుతాయి.

మొదటిది, వరుస. ఎప్పుడూ ముందు మామూలు ఆయిల్, తర్వాత అడిటివ్. ఒకసారి తిప్పి చూపించమనండి. ముందు అడిటివ్, తర్వాత అదే రింగు మీద మామూలు ఆయిల్. చాలాసార్లు మామూలు ఆయిల్ కూడా గెలుస్తుంది, ఎందుకంటే అడిటివ్ పొర రింగుకి అంటుకునే ఉంటుంది. అందుకే అసలు పరీక్షలో ప్రతిసారీ శుభ్రమైన ముక్క వాడమంటారు.

రెండోది, గాటు. గుండ్రటి రోలర్ రింగుని ఆనుకుంటే తాకేది సన్నటి గీతంత చోటే. అంత చిన్న చోట కొద్ది బరువైనా భయంకరమైన ఒత్తిడి అవుతుంది. కాస్త అరిగి గాటు పడగానే చోటు పెద్దదవుతుంది, ఒత్తిడి పడిపోతుంది. ఇప్పుడు రెండింతల బరువు వేసినా లోహానికి తగిలే ఒత్తిడి పెరగకపోవచ్చు. హై హీల్ చెప్పుతో తొక్కితే నొప్పి, చెప్పు విప్పి అదే మనిషి తొక్కితే అంత ఉండదు. వెయిట్లు లెక్కపెట్టడం తేలిక, గాటు సైజు కొలవడమే అసలు పని. డెమోలో ఎవరైనా గాటుని స్కేలు పెట్టి కొలిచారా?

మూడోది, పోటీ సరిగ్గా లేకపోవడం. "ఆయిల్ తీసేసి ఇంజిన్ నడిపాం, పది నిమిషాలు నడిచింది" అనే వీడియోలు చూసే ఉంటారు. ప్లగ్ తీసి ఆయిల్ వంపేసినా లోపల గోడలకీ బేరింగులకీ పట్టుకున్న ఆయిల్ మిగిలే ఉంటుంది. బండి స్టాండ్ మీద, లోడ్ లేకుండా, ఐడిలింగ్‌లో నడుస్తుంటుంది. అడిటివ్ వెయ్యని ఇంకో బండి, అదే మోడల్, అదే కిలోమీటర్లు, పక్కన పెట్టి అలాగే నడిపించారా? లేదు. రెండోది ఎంతసేపు నడిచేదో తెలియనప్పుడు మొదటిది పది నిమిషాలు నడిస్తే మనకు తెలిసిందేంటి? ఏమీ లేదు. అయినా ఒక మాట చెప్పండి, మీరు బండిని ఆయిల్ లేకుండా నడపడానికి కొన్నారా?

అమెరికాలో ఈ సినిమా ఎప్పుడో అయిపోయింది

ఇది మన దగ్గరే పుట్టిన గోల కాదు. 1990లలో అమెరికా టీవీల్లో రాత్రిపూట గంటలకొద్దీ ఇలాంటి ప్రకటనలు వచ్చేవి. అక్కడ వ్యాపార ప్రకటనల మీద కన్నేసి ఉంచే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్, ఎఫ్‌టీసీ. అది 1996లో స్లిక్ 50 అనే పేరున్న అడిటివ్ మీద ఫిర్యాదు దాఖలు చేసింది.

ఆ ప్రకటనల సారాంశం ఏంటంటే, స్టార్ట్ చేసేటప్పుడు ఇంజిన్‌కి రక్షణ దాదాపు ఉండదు, మాది వేస్తే ఉంటుంది అని. ఎఫ్‌టీసీ ఏమందంటే, చాలా ఇంజిన్లకి స్టార్టింగ్‌లో మామూలు ఆయిలే సరిపడా రక్షణ ఇస్తుంది, ఆ కారణంగా ఇంజిన్లు ముందే పాడవడం అరుదు అని. 1997లో ఆ కేసు రాజీతో ముగిసింది. రుజువు లేకుండా అలాంటి మాటలు చెప్పకూడదని కట్టుబాటు పడింది. 1999లో డ్యూరా ల్యూబ్, మోటార్ అప్, ప్రొలాంగ్ అనే ఇంకో మూడు బ్రాండ్ల ప్రకటనల మీద కూడా ఎఫ్‌టీసీ చర్య తీసుకుంది.

నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించేది జీమ్యాక్స్ కేసు. 2001లో ఎఫ్‌టీసీ కోర్టుకెళ్లింది. ఆరోపణ ఏంటంటే, కంపెనీ చూపించిన సీఆర్‌సీ ఎల్-38 అనే ఇంజిన్ పరీక్షలోనే, ఉత్తి ఆయిల్ కంటే అడిటివ్ కలిపిన ఆయిల్‌లో బేరింగ్ తుప్పు రెండింతల కంటే ఎక్కువ వచ్చిందని, ఆ సంగతి ప్రకటనల్లో చెప్పలేదని. 2003లో ఈ కేసు కూడా రాజీతో ముగిసింది. రాజీ అంటే తప్పు ఒప్పుకున్నట్టు కాదు, అది గుర్తుంచుకోవాలి. కానీ మనకు పాఠం ఒకటుంది. పరీక్ష చేశాం అంటే చాలదు. ఆ పరీక్షలో ఏమేం కొలిచారు, అందులో ఏవి మనకు చూపించారు, ఏవి చూపించలేదు అని అడగాలి.

మన దేశంలో కూడా చట్టం ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకి మొదటిసారి 10 లక్షల వరకు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా వేసే అధికారం ఉంది. ఫిర్యాదు చేయాలనుకుంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబర్ 1915. సేవ్ చేసి పెట్టుకోండి, దీనికే కాదు, చాలావాటికి పనికొస్తుంది.

బైక్ వాళ్లు ఈ ముక్క మాత్రం మిస్ అవ్వకండి

కారులో క్లచ్ వేరే చోట పొడిగా ఉంటుంది. మన గేర్ బండ్లలో చాలావరకు ఇంజిన్, గేర్ బాక్స్, క్లచ్ ప్లేట్లు మూడూ ఒకటే ఆయిల్‌లో మునిగి ఉంటాయి. క్లచ్‌కి రాపిడి కావాలి. రాపిడి ఉంటేనే ప్లేట్లు పట్టుకుంటాయి, పట్టుకుంటేనే బండి లాగుతుంది. మీరు "రాపిడి సున్నా" అని రాసిన బాటిల్ అందులో పోస్తే అది ఇంజిన్‌కి మాత్రమే వెళ్లి క్లచ్ దగ్గర ఆగిపోదు కదా?

అందుకే జాసో వాళ్లు క్లచ్ పట్టుని కొలిచి ఆయిల్స్‌ని వేరు చేశారు. ఎంఏ, ఎంఏ2 అంటే తడి క్లచ్ బండ్లకి. ఎంబీ అంటే రాపిడి తక్కువ, క్లచ్ ఇంజిన్ ఆయిల్‌లో మునగని స్కూటర్ల లాంటివాటికి. మీరు ఎంఏ2 ఆయిల్ కొని అందులో రాపిడి తగ్గించే అడిటివ్ కలిపితే, అది ఇంక ఎంఏ2 అని గ్యారంటీ లేదు. యాక్సిలరేటర్ తిప్పితే ఇంజిన్ అరుస్తుంది, బండి మాత్రం కదలదు. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు వెనక లారీ ఉంటే ఆ క్షణం ఎలా ఉంటుందో ఆలోచించండి. క్లచ్ ప్లేట్లు కాలిపోతే ఖర్చు 700తో పోదు. వారంటీ ఉన్న బండి అయితే మాన్యువల్ తెరిచి అడిటివ్‌ల గురించి ఏం రాశారో ముందు చదవండి.

"కానీ అన్నా, వేశాక స్మూత్ అయింది!"

కామెంట్లలో ఈ మాట తప్పకుండా వస్తుంది. నేను అబద్ధం అనను. స్మూత్ అయి ఉండొచ్చు. ఎందుకో చూడండి. అడిటివ్ ఎప్పుడు వేస్తాం? ఆయిల్ మార్చేటప్పుడు. అంటే 5 వేల కిలోమీటర్లు తిరిగి నల్లగా పల్చబడిన ఆయిల్ పోయి కొత్త ఆయిల్ వచ్చింది. ఆ స్మూత్‌నెస్ కొత్త ఆయిల్‌ది కావచ్చు. పైగా కొన్ని బాటిళ్లలో ఉండేది చిక్కటి ద్రవం. ఆయిల్ చిక్కబడితే టప టప శబ్దం కొంచెం అణుగుతుంది. శబ్దం అణిగిందంటే అరుగుదల తగ్గిందని కాదు. జ్వరానికి బిళ్ల వేస్తే వేడి తగ్గుతుంది, లోపలి రోగం ఏంటో తెలిసినట్టు కాదు. బోరుకొచ్చిన ఇంజిన్‌లో అరిగిపోయిన లోహం ఏ బాటిల్‌తోనూ తిరిగి పెరగదు.

తేల్చుకోవాలంటే ఒక చిన్న పని చెయ్యండి. ఈసారి ఉత్తి ఆయిల్ మాత్రమే మార్చి, ఎలా ఉందో రాసుకోండి. అప్పుడు తెలుస్తుంది ఆ క్రెడిట్ ఎవరిదో.

మరి నిజమైన రుజువు ఎలా ఉంటుంది?

ఒక ఉదాహరణ చెప్తా. ఇంజిన్ ఆయిల్‌కి అమెరికా పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ ఏపీఐ గ్రేడ్ రావాలంటే నిజమైన ఇంజిన్ల మీద పరీక్షలు పాస్ అవ్వాలి. సీక్వెన్స్ 4ఏ అనే పరీక్షలో నిస్సాన్ 2.4 లీటర్ల ఇంజిన్‌ని 100 గంటలు నడుపుతారు. తర్వాత విప్పి, క్యామ్ షాఫ్ట్ మీద ఒక్కో లోబ్‌ని ఏడు చోట్ల కొలిచి ఎన్ని మైక్రాన్లు అరిగిందో లెక్కేస్తారు. 2020లో వచ్చిన ఎస్‌పీ గ్రేడ్‌కి టయోటా ఇంజిన్‌తో 200 గంటల కొత్త పరీక్ష పెట్టారు. తుప్పుకి వేరే పరీక్ష, మడ్డికి వేరే పరీక్ష, ఆయిల్ చిక్కబడటానికి వేరే పరీక్ష. ఒక్కదాంట్లో ఫస్టు వచ్చి మిగతావాటిలో తప్పితే గ్రేడ్ రాదు.

ఇంట్లో టేబుల్ మీద రెండు నిమిషాలు ఎక్కడ, విప్పి కొలిచిన 200 గంటలు ఎక్కడ?

కాబట్టి ఎవరు డెమో చూపించినా గౌరవంగానే నాలుగు ప్రశ్నలు అడగండి.

ఒకటి: ఇది నా ఇంజిన్ మీద పరీక్షా, బేరింగ్ ముక్క మీద పరీక్షా?

రెండు: అడిటివ్ వెయ్యని ఇంజిన్‌ని కూడా పక్కనే అదే విధంగా నడిపి కొలిచారా?

మూడు: అరుగుదలతో పాటు తుప్పు, మడ్డి, క్లచ్ పట్టు కూడా కొలిచారా? పూర్తి రిపోర్టు ఇస్తారా?

నాలుగు: దీనివల్ల నా క్లచ్చో ఇంజినో పోతే రాతపూర్వకంగా బాధ్యత ఎవరిది?

నాలుగో ప్రశ్నకి చాలామంది దగ్గర డెమో మెషిన్ చప్పుడు కూడా ఆగిపోతుంది.

తమ్ముడూ, ఇక నీ ప్రశ్నలకి

మొదటిది, పొయ్యాలా? నా మాట అయితే వద్దు. నీ బండి తడి క్లచ్ బండి, నీ కడుపు నింపేది. సీల్ తియ్యలేదన్నావు, మంచి పని చేశావు. ముందు మామయ్యనే అడుగు, వెనక్కి తీసుకుంటారేమో. తీసుకోకపోతే 700 పోయిందనుకో. క్లచ్ ప్లేట్ల కంటే తక్కువే.

ఆ డబ్బుకి నిజమైన రక్షణ కావాలా? మాన్యువల్ తియ్యి. అందులో రాసిన గ్రేడ్, ఏపీఐ అక్షరాలు, జాసో ఎంఏ లేదా ఎంఏ2, మూడూ డబ్బా మీద ఉన్నాయో లేదో చూడు. నకిలీ ఆయిళ్లు తిరుగుతున్నాయి కాబట్టి బిల్లు ఇచ్చే షాపులోనే కొను. నువ్వు రోజంతా ట్రాఫిక్‌లో ఆగి ఆగి నడుపుతావు కాబట్టి ఆయిల్ మార్చే గడువు దాటనివ్వకు. వారానికోసారి ఆయిల్ లెవెల్ చూడు. బండిని సమంగా నిలబెట్టి, కాసేపు నడిపి ఆపి, రెండు మూడు నిమిషాలాగి చూడాలి. 70 వేలు దాటిన బండి ఆయిల్ తాగడం మొదలుపెట్టొచ్చు. లెవెల్ తగ్గిన సంగతి తెలియకపోవడమే చాలా ఇంజిన్లు సీజ్ అవ్వడానికి కారణం. ఎయిర్ ఫిల్టర్ శుభ్రంగా ఉంచు, దుమ్ము లోపలికి వెళ్తే ఏ ఆయిలూ కాపాడలేదు. తెల్లటి నీలం పొగ వస్తుంటే బాటిల్ కోసం కాదు, మంచి మెకానిక్ కోసం వెతుకు.

రెండోది, అమ్మాలా? దీనికి నేను నీ బదులు నిర్ణయం తీసుకోలేను. ఒక్కటి మాత్రం అడుగుతా. నువ్వు ఎవరికి అమ్ముతావు? నీతో పాటు హోటల్ ముందు ఆర్డర్ కోసం నిలబడే నీ ఫ్రెండ్స్‌కే. వాళ్ల బండి కూడా ఒక్క రోజు ఆగితే సంపాదన లేనిదే. రేపు వాళ్లలో ఒకడి క్లచ్ జారితే, ఆ బాటిల్ కంపెనీ వాళ్లకి దొరకదు. నువ్వు దొరుకుతావు. ఆ నాలుగు ప్రశ్నలకి నీ దగ్గర జవాబు ఉంటే అమ్ము. లేకపోతే పది బాటిళ్ల డబ్బు నీ బండి కోసం పక్కన పెట్టుకో.

మామయ్యతో గొడవ పడొద్దు. ఆయనకి ఒక్కటే చెప్పు: "మామయ్యా, వరుస తిప్పి ఒక్కసారి చూపించు. ముందు నీ మందు, తర్వాత అదే రింగు మీద ఉత్తి ఆయిల్." ఆయన నిజాయితీపరుడైతే చూపిస్తారు. చూసి ఆయనే ఆలోచనలో పడతారు. అలా జరిగితే నాకు మళ్లీ వాయిస్ మెసేజ్ పెట్టు, ఏమైందో అందరికీ చెప్దాం.

మిగతా ఫ్రెండ్స్, మీ ఊళ్లో ఇలాంటి డెమో ఏదైనా చూశారా? ఆ నాలుగు ప్రశ్నలు అడిగితే ఏం జవాబు వచ్చింది? కామెంట్లో రాయండి. ఇంట్లో ఎవరి చేతిలోనైనా సీల్ తియ్యని బాటిల్ ఉంటే ఈ ఎపిసోడ్ వాళ్లకి ముందు పంపండి. వచ్చేవారం ఇంకో టాపిక్‌తో కలుద్దాం. హెల్మెట్ పెట్టుకోండి, ఆయిల్ లెవెల్ చూసుకోండి. ఉంటాను మరి.